మా పిల్లాడిది మొండితనమా, ఓడీడీనా? తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

పేరెంట్స్ మీటింగ్ అయిపోయి అందరూ బండ్లు తీసుకుని వెళ్లిపోయాక ఒకరిద్దరు గేటు దగ్గర ఆగుతారు. "మేడం, ఒక్క నిమిషం" అంటారు. ఆ నిమిషం చాలాసార్లు అరగంట అవుతుంది. "వాడు ఏం చెప్పినా వినడండీ, అందరూ మమ్మల్నే అంటున్నారు" అని మొదలుపెట్టి కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లులు ఎందరో. బడిలో కౌన్సెలర్‌గా నేను ఎక్కువగా విన్న సందేహాలు ఇవి. ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఉంచాను. మీకు కావాల్సినదాని దగ్గరికి నేరుగా వెళ్లండి. ఇది చదివి మీ బిడ్డకు మీరే జబ్బు పేరు పెట్టేయవద్దు. ఏం గమనించాలో, ఎవరిని కలవాలో తెలుసుకోవడానికి మాత్రం వాడుకోండి.

## అనుమానం మొదలైనప్పుడు

అసలు ఓడీడీ అంటే ఏమిటి? మొండితనానికే ఇంగ్లిష్ పేరు పెట్టారా?

కాదు. ఓడీడీ అంటే అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్. తెలుగులో ధిక్కార ప్రవర్తన రుగ్మత అనవచ్చు. మానసిక వైద్యులు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్ఎంలోకి 1980లో వచ్చింది, 1987లో ఇప్పుడున్న పేరు స్థిరపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఉంది. మొండి పిల్లాడికి ఒక వస్తువు కావాలి, లేదా ఒక పని వద్దు. ఆ గొడవ తీరగానే మామూలుగా అన్నం తిని ఆడుకుంటాడు. ఓడీడీలో గొడవకు వస్తువుతో పని లేదు. కోపం, వాదన, కావాలని ఎదురుతిరగడం నెలల తరబడి సాగుతాయి. స్నేహితులు దూరమవుతారు, చదువు దెబ్బతింటుంది, ఇంట్లో ప్రతి సాయంత్రం యుద్ధంలా గడుస్తుంది.

డాక్టర్లు ఏ లక్షణాలు చూస్తారు?

డీఎస్ఎం-5లో ఎనిమిది ఉన్నాయి. మొదటి మూడు కోపానికి చెందినవి: తరచూ అదుపు తప్పడం, చిన్నమాటకే చిరాకుపడటం, ఎప్పుడూ కోపంతో, లోపల ఏదో మంటతో ఉండటం. తర్వాతి నాలుగు ఎదురుతిరగడానికి సంబంధించినవి: పెద్దవాళ్లతో వాదించడం, చెప్పిన పని తెలిసీ చేయనని తిరస్కరించడం, కావాలని ఇతరులను విసిగించడం, తన తప్పును వేరేవాళ్ల మీదికి నెట్టడం. ఎనిమిదవది కక్ష తీర్చుకునే స్వభావం, గత ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు కనిపించాలి.

ఈ ఎనిమిదిలో కనీసం నాలుగు, కనీసం ఆరు నెలలు ఉండాలి. పిల్లాడికి గానీ చుట్టూ ఉన్నవాళ్లకు గానీ బాధ, లేదా చదువుకీ సంబంధాలకీ నష్టం కలుగుతుండాలి. ఎనిమిదవది తప్ప మిగతావి ఐదేళ్లలోపు పిల్లల్లో వారంలో ఎక్కువ రోజులు, ఐదేళ్లు దాటినవారిలో వారానికి కనీసం ఒకసారైనా కనిపిస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. నిన్న జరిగిన ఒక్క పెద్ద గొడవను బట్టి ఎవరూ ఏదీ తేల్చలేరు.

మా పాపకి మూడేళ్లు. ప్రతిదానికీ "వద్దు, నేను చెయ్యను" అంటుంది. ఇది కూడా అదేనా?

చాలావరకు కాదు. రెండు మూడేళ్ల వయసులో పిల్లలకు "నేను వేరు, నా ఇష్టం వేరు" అని తెలుస్తుంది. దాన్ని చెప్పడానికి వాళ్ల దగ్గర ఉన్న గట్టి మాట "వద్దు" ఒక్కటే. ఆకలి, నిద్ర, అలసట తోడైతే నేల మీద పడి దొర్లుతారు. దాన్నే మనం మారాం అంటాం. తిని, పడుకుని లేచాక నవ్వుతూ ఉంటే కంగారు అక్కర్లేదు. దాదాపు రోజూ, ఆరు నెలలుగా, కోపంతో పాటు మరికొన్ని లక్షణాలు కూడా ఉండి, అంగన్‌వాడీలోనో ప్లేస్కూల్లోనో ఆయమ్మ కూడా చేతులెత్తేస్తుంటే అప్పుడు పిల్లల డాక్టర్‌కి చెప్పండి. మాటలు ఆలస్యమైన పిల్లలు చెప్పలేని బాధతోనే అరుస్తారు కాబట్టి పాప వయసుకు తగ్గట్టు మాట్లాడుతోందో లేదో కూడా చూడండి.

మా అమ్మాయికి పదమూడేళ్లు. నిన్నమొన్నటిదాకా బాగానే ఉంది, ఈ మధ్య తలుపేసుకుని కూర్చుంటోంది. ఏదడిగినా కసురుకుంటోంది. ఓడీడీ అయి ఉంటుందా?

ఓడీడీ సాధారణంగా బడికి వెళ్లే ముందు వయసులోనే మొదలవుతుంది. టీనేజీ మొదలైన తర్వాత కొత్తగా రావడం అరుదు. అప్పటిదాకా బాగున్న పిల్ల ఉన్నట్టుండి మారిపోతే నేను ముందు వేరే ప్రశ్నలు వేస్తాను. నిద్ర, తిండి తగ్గాయా? ఇష్టమైన పనులు వదిలేసిందా? బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా? ఫోన్‌లో ఎవరైనా బెదిరిస్తున్నారా? బంధువుల్లోనో ట్యూషన్‌లోనో ఎవరైనా తప్పుగా ప్రవర్తించారా? పిల్లల్లో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగా బయటపడుతుంది. "పొగరెక్కింది" అనుకుని వదిలేయకండి. తిట్టకుండా, పక్కన కూర్చుని అడగండి. ఒక్కరోజులో చెప్పదు. మళ్లీ అడగండి.

అన్నదమ్ములిద్దరూ రోజూ కొట్టుకుంటారు. భయపడాలా?

తోబుట్టువులతో గొడవలు మాత్రమే ఉంటే ఓడీడీ అనరు. తోబుట్టువు కాని కనీసం ఒక మనిషితో, అంటే అమ్మతోనో నాన్నతోనో టీచర్‌తోనో తోటిపిల్లలతోనో ఇదే తీరు కనిపించాలి.

బడిలో బుద్ధిమంతుడంటారు. ఇంట్లో మాత్రం నరకం చూపిస్తాడు. నటిస్తున్నాడా?

నటన కాదు. ఓడీడీ ఒక్కచోటే కనిపించవచ్చు, ఆ ఒక్కచోటు చాలాసార్లు ఇల్లే అవుతుంది. ఒక్కచోటే ఉంటే తక్కువ తీవ్రత, రెండుచోట్ల ఉంటే మధ్యస్థం, మూడు లేదా అంతకంటే ఎక్కువచోట్ల ఉంటే తీవ్రం అని లెక్క. బాగా తెలిసిన మనుషుల దగ్గరే పిల్లలు పూర్తిగా బయటపడతారు. డాక్టర్ గదిలో కూడా మీవాడు చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చోవచ్చు. దాన్ని చూసి "నేను చెప్పేది అబద్ధం అనుకుంటారేమో" అని తల్లులు కుమిలిపోతారు. అనుభవమున్న వైద్యులకు ఈ సంగతి తెలుసు.

ఇది మగపిల్లల జబ్బేనా? ఆడపిల్లలకి రాదా?

వస్తుంది. టీనేజీకి ముందు మగపిల్లల్లో కొంచెం ఎక్కువ, డీఎస్ఎం-5 ప్రకారం సుమారు 1.4కి 1 నిష్పత్తి. మొత్తం పిల్లల్లో సగటున 3.3 శాతం మందిలో ఉంటుందని అదే గ్రంథం చెబుతుంది. మన ఇళ్లలో ఇబ్బంది వేరేచోట ఉంది. అబ్బాయి ఎదురుతిరిగితే "మగపిల్లాడు, అలాగే ఉంటాడు" అంటారు. అమ్మాయి ఎదురుతిరిగితే "దీనికి నోరెక్కువ, రేపు అత్తారింట్లో ఎలా" అంటారు. రెండు మాటల వల్లా ఆ బిడ్డకు అందాల్సిన సాయం ఏళ్ల తరబడి ఆలస్యమవుతుంది.

## కారణం వెతుకుతున్నప్పుడు

మా పెంపకంలో లోపమా? అందరూ గారాబం చేసి చెడగొట్టారంటున్నారు.

ఒక్క కారణం అంటూ ఉండదు. కొందరు పిల్లలు పుట్టుకతోనే త్వరగా రేగిపోతారు, త్వరగా చల్లబడరు. వంశంలో వచ్చే స్వభావం కొంత. కఠినమైన శిక్షలు, ఒకరోజు ఒకలా మరోరోజు మరోలా ఉండే నియమాలు, ఇంట్లో గొడవలు దాన్ని ముదురుస్తాయి. తప్పు ఎవరిదని తేల్చడం కంటే ఇంట్లో ఏం జరుగుతోందో చూడటం ఉపయోగం. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కుటుంబాలను దగ్గరుండి గమనించి ఒక చక్రాన్ని వర్ణించాడు. అది మన ఇళ్లలో అచ్చం ఇలాగే ఉంటుంది.

రాత్రి ఎనిమిదైంది. "ఫోన్ పెట్టేసి అన్నానికి రా" అంటుంది అమ్మ. వాడు కదలడు. రెండోసారి గొంతు పెరుగుతుంది. వాడూ అరుస్తాడు. అమ్మ ఫోన్ లాక్కుంటుంది. వాడు కంచం తోసేస్తాడు. పక్కింటివాళ్లు వింటారని అమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేస్తుంది. ఇల్లు నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దంలో ఇద్దరూ ఒక పాఠం నేర్చుకున్నారు. అరిస్తే పని జరుగుతుందని వాడికి తెలిసింది, ఇచ్చేస్తే గొడవ ఆగుతుందని అమ్మకి అలవాటైంది. మర్నాడు గొడవ నిన్న ఆగినచోటు నుంచే మొదలవుతుంది. మరికొన్ని రోజులు అమ్మ వాడికంటే గట్టిగా అరిచి నెగ్గుతుంది, అప్పుడు గొంతు పెంచడమే దారి అని ఇద్దరికీ స్థిరపడుతుంది. ఇందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అలసిపోయినవాళ్లు ఉన్నారు.

ఫోన్ వల్లే ఇలా అయ్యాడు కదా?

ఫోన్ వల్ల ఓడీడీ వస్తుందని చెప్పలేం. చాలా ఇళ్లలో గొడవ జరిగే చోటు మాత్రం అదే. రాత్రి పొద్దుపోయేదాకా చూస్తే నిద్ర తగ్గుతుంది, నిద్ర తగ్గిన పిల్లలు మర్నాడంతా చిరాకుగా ఉంటారు. ముందు నిద్రవేళ సరిచేయండి. రెండు మూడు వారాలు కంటినిండా నిద్రపోయాక కూడా తీరు మారకపోతే అప్పుడు మిగతా కారణాలు చూడవచ్చు.

ఒకరు ఏడీహెచ్‌డీ అన్నారు, ఒకరు ఓడీడీ అన్నారు. ఏది నమ్మాలి?

రెండూ నిజం కావచ్చు. ఏడీహెచ్‌డీ అంటే శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం, ఆలోచించకుండా చేసేయడం ఉండే సమస్య. ఒకే బిడ్డలో ఈ రెండూ కలిసి ఉండటం చాలా మామూలు. తేడా తెలియాలంటే పని ఎందుకు ఆగిందో చూడండి. "స్నానానికి వెళ్లు" అంటే వెళుతూ వెళుతూ మధ్యలో బంతి కనిపించి మర్చిపోయేవాడు ఒకడు. విని, మీ కళ్లలోకి చూసి, "వెళ్లను, ఏం చేస్తావ్?" అనేవాడు మరొకడు.

మరికొన్ని సమస్యలు కూడా ధిక్కారంలా కనిపిస్తాయి. హోంవర్క్ తీయగానే పుస్తకం విసిరేసే పిల్లకు అక్షరాలు కలిపి చదవడమే రాకపోవచ్చు. అది డిస్లెక్సియా కావచ్చు. పిలిస్తే పలకని వాడికి చెవి సరిగా వినపడకపోవచ్చు. రోజూ వెళ్లే దారి మారితే అల్లాడిపోయే వాడిలో ఆటిజం ఉండవచ్చు. బడికి వెళ్లనని గుమ్మం పట్టుకుని అరిచే పిల్లలో ఉన్నది భయం కావచ్చు. నా అనుభవంలో "మొండిఘటం" అని నా దగ్గరికి పంపిన పిల్లల్లో చదవలేక సిగ్గుపడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పది మంది ముందు "రాదు" అనడం కంటే "చదవను" అనడం వాళ్లకి తేలిక.

దిష్టి తగిలిందని, తాయెత్తు కట్టించమని మా అత్తగారు అంటున్నారు.

దిష్టి తీస్తే బిడ్డకు నష్టం లేదు, పెద్దావిడ మనసూ కుదుటపడుతుంది. దానికోసం డాక్టర్‌ని కలవడం వాయిదా వేయవద్దు. వాతలు పెట్టడం, కట్టేయడం, పస్తులుంచడం, పొగ పెట్టడం లాంటివి ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. అవి హింస.

## డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

ఏం కనిపిస్తే ఇక ఆగకుండా వెళ్లాలి?

చచ్చిపోతానని అనడం, తనను తాను గాయపరుచుకోవడం, కత్తి లాంటివి తీసుకుని మీదికి రావడం, జంతువులను హింసించడం, నిప్పు పెట్టడం, ఇంట్లోంచి పారిపోవడం, పదేపదే దొంగతనాలు, లేదా ఒక్కసారిగా మనిషే మారిపోవడం. వీటిలో కొన్ని ఓడీడీని దాటి కండక్ట్ డిజార్డర్ (ఇతరులకు హాని చేయడం, నియమాలను తీవ్రంగా ఉల్లంఘించడం ఉండే రుగ్మత) వైపు వెళ్లే గుర్తులు, కొన్ని వేరే ప్రమాదానికి గుర్తులు. ఆరు నెలల లెక్క వీటికి వర్తించదు. వెంటనే సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. బిడ్డ మీద ఎవరైనా దౌర్జన్యం చేస్తున్నారని అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098, ప్రాణాపాయం ఉంటే 112.

ఎవరిని కలవాలి? మా ఊళ్లో పిల్లల సైకియాట్రిస్ట్ లేరు.

మీ పిల్లల డాక్టర్‌తో మొదలుపెట్టండి. వినికిడి, చూపు, రక్తహీనత లాంటివి ఆయనే చూస్తారు. తర్వాత పిల్లల మానసిక వైద్యులు, లేదా క్లినికల్ సైకాలజిస్ట్. సైకాలజిస్ట్‌కి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడం మీ హక్కు, మొహమాటపడకండి. ప్రభుత్వ వైద్యమే కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో మానసిక వైద్యశాలలున్నాయి. సీమ వైపు వాళ్లు బెంగళూరు నిమ్హాన్స్‌కి వెళుతుంటారు, అక్కడ పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. బడుల్లో పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. దాని కింద ఉండే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో ఎదుగుదల సమస్యలు చూస్తారు.

రక్తపరీక్ష, స్కాన్ చేస్తే తెలిసిపోతుందా? మొదటిరోజు ఏం అడుగుతారు?

ఓడీడీని చూపించే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. మీతో, బిడ్డతో విడివిడిగా మాట్లాడతారు. ప్రశ్నపత్రాలు నింపిస్తారు. టీచర్ ఏమంటున్నారో తెలుసుకుంటారు. అందుకే వెళ్లేముందు రెండు వారాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. "రోజూ గొడవే" అని రాయకండి. "సోమవారం రాత్రి 8:15. ఫోన్ పెట్టెయ్యమన్నాను. అరిచాడు, కంచం తోశాడు. ఇరవై నిమిషాలు. చివరికి నేనే ఇచ్చేశాను" అని రాయండి. ముందు ఏం జరిగింది, ఎంతసేపు సాగింది, ఎలా ముగిసింది అన్న మూడు సంగతులు ఉంటే చాలు. ప్రశాంతంగా గడిచిన రోజులనూ రాయండి. రెండు వారాల తర్వాత చూస్తే గొడవల్లో సగం ఒకే వేళకి జరుగుతున్నాయని మీకే కనిపించవచ్చు.

మందులు వాడాలా?

ఓడీడీకి అంటూ ప్రత్యేకమైన మందు లేదు. పక్కనే ఏడీహెచ్‌డీ ఉంటే దానికి ఇచ్చే మందుతో ఎదురుతిరగడం కూడా తగ్గవచ్చు. ఆందోళన, డిప్రెషన్ ఉంటే వాటికి వైద్యం చేస్తారు. విపరీతమైన దూకుడు ఉన్నప్పుడు నిపుణులు కొద్దికాలం మందు ఇవ్వాల్సి రావచ్చు. మందుల షాపులో అడిగి నిద్రమందు, "శాంతి సిరప్" లాంటివి పట్టించడం ప్రమాదం.

## పేరు తెలిశాక

చికిత్స అంటే కౌన్సెలింగేనా? మావాడు ఆ గదిలో నోరు విప్పడు.

చిన్నపిల్లల విషయంలో అసలు శిక్షణ తల్లిదండ్రులకు. వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే బ్రిటన్ సంస్థ నైస్ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 3 నుంచి 11 ఏళ్ల పిల్లలకు తల్లిదండ్రుల శిక్షణనే సూచించింది, సాధారణంగా 10 నుంచి 16 సార్లు కలవాలి. షీలా ఐబర్గ్ రూపొందించిన పీసీఐటీ (పేరెంట్-చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ) అనే పద్ధతిలో తల్లి బిడ్డతో ఆడుతుంటే చికిత్సకుడు అద్దం అవతలి నుంచి చూస్తూ, చెవిలోని పరికరం ద్వారా ఏం అనాలో అప్పటికప్పుడు చెబుతాడు. ఇది ముఖ్యంగా రెండు నుంచి ఏడేళ్ల పిల్లలకు. పెద్ద పిల్లలకైతే కోపాన్ని గుర్తుపట్టడం, సమస్యను మాటలతో తేల్చుకోవడం నేర్పిస్తారు. "తప్పు వాడిదైతే క్లాసులు మాకా?" అని తండ్రులు అడుగుతారు. వారానికి ఒక గంట చికిత్సకుడి దగ్గర, మిగతా సమయమంతా మీ దగ్గర ఉంటాడు కాబట్టి, అవును, మీకే.

ఇంట్లో ఈరోజు నుంచే ఏం చేయొచ్చు?

ముందు ఆట. రోజుకి పది నిమిషాలు బిడ్డకు నచ్చిన ఆట, వాడు నడిపించినట్టు ఆడండి. ఆ పది నిమిషాల్లో ప్రశ్నలు, సలహాలు, హోంవర్క్ మాట వద్దు. ఆ రోజు గొడవ జరిగినా సరే ఆట మానకండి. చాలా ఇళ్లలో బిడ్డకూ తల్లికీ మధ్య మిగిలిన మాటలన్నీ ఆజ్ఞలే. అవి వినాలంటే ముందు వేరే మాటలు కొన్ని ఉండాలి.

తర్వాత మెచ్చుకోలు. "గుడ్ బాయ్" అని ఊరుకోకుండా "పిలవగానే వచ్చావు, బాగుంది" అని చేసిన పనిని చెప్పండి. చెప్పే పని కూడా ఒక్కటే, దగ్గరికి వెళ్లి, మామూలు గొంతుతో. వంటింట్లోంచి "స్నానం చేసి, బట్టలు మార్చుకుని, బ్యాగ్ సర్దుకో" అని కేకేస్తే ఏ బిడ్డకూ అందదు. "స్నానం చేస్తావా?" అని అడిగితే "చెయ్యను" అనే అవకాశం మీరే ఇచ్చినట్టు. చెప్పాక కాసేపు ఆగండి. వినకపోతే ముందే చెప్పి ఉంచిన చిన్న నష్టం, ఆ సాయంత్రమే ఉండాలి. "వేసవి సెలవులకి అమ్మమ్మ ఊరు పంపను" అనేది మీరూ నిలబెట్టుకోలేరు, వాడూ నమ్మడు.

కష్టమైనది మరొకటి ఉంది. అమ్మ వద్దన్నది నాన్నా వద్దనాలి, నాయనమ్మ చాటుగా ఇవ్వకూడదు. పెద్దవాళ్లతో బిడ్డ ముందు కాకుండా విడిగా కూర్చుని మాట్లాడండి. వాళ్ల ప్రేమని తప్పుపట్టకుండా "అత్తయ్యా, ఈ రెండు విషయాల్లో మాత్రం నాతో ఉండండి" అని అడగండి. రెండే. పది నియమాలు ఎవరూ గుర్తుపెట్టుకోలేరు. మొదటి వారం గొడవలు పెరగవచ్చు కూడా, ఇదివరకు పనిచేసిన అరుపును వాడు ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తాడు. చాలామంది సరిగ్గా అక్కడే వదిలేస్తారు.

రెండు దెబ్బలు వేస్తే దారికొస్తాడు కదా? మేమూ దెబ్బలు తినే పెరిగాం.

"దండం దశగుణం భవేత్" అని పెద్దలు అనడం నాకూ తెలుసు. దెబ్బ ఆ నిమిషానికి నోరు మూయిస్తుంది, అందుకే పనిచేసినట్టు అనిపిస్తుంది. ఓడీడీ ఉన్న పిల్లాడికి మాత్రం అది బలమున్నవాడిదే గెలుపని నేర్పుతుంది. రేపు వాడి బలం పెరుగుతుంది. బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. "మీరు నాలుగు తగిలించండి సార్" అని టీచర్‌కి అనుమతి ఇవ్వకండి.

టీచర్‌కి చెప్పాలా? టీసీ ఇచ్చేస్తారని టెన్షన్‌గా ఉంది.

క్లాస్ టీచర్‌కి చెప్పడమే మంచిది. జబ్బు పేరు కంటే ఏం చేస్తే సాయమో చెప్పండి: అందరి ముందు కాకుండా పక్కకి పిలిచి చెప్పడం, ఒకసారికి ఒకే పని, డైరీలో ఫిర్యాదుతో పాటు ఆ రోజు చేసిన ఒక మంచి పని కూడా రాయడం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా బిడ్డను బడిలోంచి తీసేయకూడదు. ఎవరైనా మాటతో ఒత్తిడి చేస్తే రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.

పెద్దయ్యాక తగ్గుతుందా, లేక రౌడీ అవుతాడా?

చాలామందిలో వయసుతో, చికిత్సతో తగ్గుతుంది. కొందరిలో కండక్ట్ డిజార్డర్‌గా ముదురుతుంది, వాదన, కక్ష ఎక్కువగా ఉన్నవాళ్లలో ఈ ముప్పు ఎక్కువ. చిరాకు, కోపం ప్రధానంగా ఉన్నవాళ్లలో తర్వాత ఆందోళన, డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువ. "మొక్కై వంగనిది మానై వంగునా" అని భయపెట్టేవాళ్లు మీకు తగులుతారు. త్వరగా మొదలుపెడితే తేలిక అన్నంతవరకే అది నిజం. పదకొండు, పన్నెండేళ్లకి మొదలుపెట్టి ఇల్లు మార్చుకున్న కుటుంబాలను నేను చూశాను.

నాకే ఓపిక అయిపోయింది. ఒక్కోసారి వాడి ముఖం చూడాలనిపించదు. నేను చెడ్డ తల్లినా?

ఈ మాట తలుపు మూశాకే, గొంతు తగ్గించి అడుగుతారు. కాదమ్మా. ఏళ్ల తరబడి రోజూ గొడవపడితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నిద్ర పట్టకపోతున్నా, ఊరికే ఏడుపొస్తున్నా, చెయ్యి చేసుకుంటానేమోనని భయమేసినా అది మీకు కూడా వైద్యం కావాలని చెప్పే గుర్తు. వాడి డాక్టర్‌తోనే చెప్పండి. 14416 పిల్లల కోసమే కాదు, మీరు మీ గురించి కూడా మాట్లాడవచ్చు. కోపం తలకెక్కిన ఆ నిమిషంలో బిడ్డ సురక్షితంగా ఉన్నాడని చూసుకుని పక్కగదిలోకి వెళ్లి నీళ్లు తాగండి. వారానికి ఒక సాయంత్రం వాడిని వాళ్ల నాన్నకో పిన్నికో అప్పగించి బయటికి వెళ్లండి. గుడికైనా సరే, ఊరికే నడవడానికైనా సరే.